బ్రేక్ వేస్తే గరగర: లోపలి ప్యాడ్ చూడకుండా కొత్తవి వేయకండి

బ్రేక్ తొక్కితే కీచుమంటోందా, గరగరమంటోందా? ముందు ఇది తేల్చుకోండి. చక్రంతో పాటు తిరిగే ఇనప డిస్క్‌ను రెండు వైపులా నొక్కి కారును ఆపేవి ప్యాడ్లు. చాలా ప్యాడ్లకు ఒక చిన్న రేకు ఉంటుంది. ప్యాడ్ అరిగి పలచబడితే అది డిస్క్‌కు తగిలి కీచుమంటుంది, మార్చమని చెప్పడానికే దాన్ని పెట్టారు. ఆ కీచుని వారాల తరబడి వదిలేస్తే ప్యాడ్ మీది మెత్తటి పదార్థం పూర్తిగా పోయి, వెనకున్న ఇనప పలక నేరుగా డిస్క్‌ను గీకుతుంది. గరగర అంటే అది. అప్పటికి బ్రేక్ పట్టు కూడా తగ్గిపోయి ఉంటుంది. అలాంటి కారును "రేపు చూద్దాంలే" అని నడపొద్దు.

చక్రం విప్పే ముందు చెవిపెట్టి వినండి. వాన పడ్డాకో కారు కడిగాకో పొద్దున్నే గరగరమని, నాలుగైదు బ్రేకులకు పోతే అది డిస్క్ మీది పైపై తుప్పు, దాన్ని వదిలేయండి. బ్రేక్ వేయకపోయినా గీకుతుంటే డిస్క్‌కీ దాని వెనక అడ్డుగా ఉండే పలచటి రేకుకీ మధ్య రాయి ఇరుక్కుని ఉండొచ్చు. మలుపులో హోరు పెరగడం, తగ్గడం జరిగితే చక్రం బేరింగ్‌ను అనుమానించండి. జారే రోడ్డు మీద గట్టిగా తొక్కినప్పుడు మాత్రమే పెడల్ వణుకుతూ టకటకమంటే అది చక్రం బిగుసుకుని జారిపోకుండా చూసే ఏబీఎస్ పని చేస్తున్న చప్పుడు. ఇవేవీ కాకపోతే జాకీ తీయండి.

చక్రం విప్పడం

కారు చదునైన నేల మీద ఉండాలి, నేల మీద ఆనే చక్రాలకు ముందూ వెనకా అడ్డు పెట్టాలి. నట్లు కారు ఎత్తకముందే కాస్త వదులు చేసుకోండి. ఎత్తాక కింద స్టాండ్ పెట్టండి, ఒక్క జాకీని నమ్మి చెయ్యి లోపల పెట్టకండి. బ్రేక్ దుమ్మును గాలి కొట్టి ఊదకండి, బ్రేక్ క్లీనర్‌తో తడిపి గుడ్డతో తుడవండి.

ఇక అసలు పని

అందరూ తప్పు చేసేది ఇక్కడే. చక్రం తీయగానే బయటి ప్యాడ్ కళ్లకు కనిపిస్తుంది, మందంగానే ఉంటుంది. "ప్యాడ్లు బాగానే ఉన్నాయి" అని చక్రం బిగించేస్తారు. కానీ గీకుతున్నది లోపలి ప్యాడ్! నేను విప్పి చూసిన కార్లలో బయటిది సగం మిగిలి, లోపలిది ఇనుము దాకా అరిగినవి ఎన్నో. ప్యాడ్లను డిస్క్ మీదికి నొక్కే భాగమే క్యాలిపర్. దాని వెనక కింది బోల్టు విప్పి, క్యాలిపర్‌ను పైకి తిప్పి రెండు ప్యాడ్లూ బయటికి తీసి పక్కపక్కన పెట్టి చూడాల్సిందే. క్యాలిపర్ పూర్తిగా ఊడదీయాల్సి వస్తే తీగతో కట్టి వేలాడదీయండి, బ్రేక్ గొట్టం మీద దాని బరువు పడకూడదు.

కొత్త ప్యాడ్ మీద పదార్థం సుమారు 10 నుంచి 12 మిల్లీమీటర్లు ఉంటుంది. 3 మిల్లీమీటర్లకు వస్తే మార్చాలి. రెండు ప్యాడ్లూ సమానంగా అరిగితే అది మామూలు అరుగుదల. ఒకటి ఎక్కువగా, లేదా ఏటవాలుగా అరిగితే మాత్రం తప్పు ప్యాడ్‌ది కాదు. క్యాలిపర్ జారడానికి రెండు స్లైడ్ పిన్నులు ఉంటాయి. వాటిలో ఒకటి బిగుసుకుపోతే క్యాలిపర్ సరిగా కదలక ఒకే ప్యాడ్ డిస్క్‌ను పట్టుకుని ఉంటుంది. ఇది చూడకుండా కొత్త ప్యాడ్లు వేస్తే కొన్ని నెలల్లో మళ్లీ అదే గరగర. అప్పుడు "ప్యాడ్లు నాసిరకం" అని తిట్టుకుంటారు.

పిన్ను వేళ్లతో లాగితే మెత్తగా జారాలి. జారకపోతే సుత్తితో కొట్టకండి, అటూ ఇటూ తిప్పుతూ నెమ్మదిగా లాగండి. బయటికి వచ్చాక పాత గ్రీజు పూర్తిగా తుడవండి, రంధ్రం లోపల కూడా. పిన్ను మీద తుప్పు గుంటలు పడి ఉంటే కొత్తది వేయండి. రబ్బరు తొడుగు చిరిగితే అదీ మార్చండి, లేకపోతే నీళ్లు చేరి మళ్లీ బిగుసుకుంటుంది. కొన్ని క్యాలిపర్లలో రెండు పిన్నులూ ఒకలా ఉండవు, ఏది ఎక్కడిదో గుర్తు పెట్టుకోండి.

గ్రీజు విషయంలో రాజీ పడకండి. బ్రేకుల కోసం చేసిన సిలికాన్ గ్రీజే వాడాలి. బేరింగులకు వేసే మామూలు గ్రీజు రబ్బరును ఉబ్బిస్తుంది, పిన్ను ఇంకా గట్టిగా బిగుసుకుంటుంది. సిలికాన్ గ్రీజు కూడా పలచటి పూత చాలు. రంధ్రం నిండా కూరితే లోపల గాలి చిక్కుకుని పిన్నును వెనక్కి తోస్తుంది.

కొత్త ప్యాడ్లకు చోటు కోసం, ప్యాడ్‌ను తోసే క్యాలిపర్ పిస్టన్‌ను లోపలికి నొక్కేటప్పుడు బ్రేక్ ఆయిల్ డబ్బా మీద ఓ కన్నేసి ఉంచండి, పొంగి పెయింట్ మీద పడితే పెయింట్ పాడవుతుంది. వెనక క్యాలిపర్లలో కొన్నింటిని తిప్పుతూ నొక్కాలి, ఎలక్ట్రానిక్ హ్యాండ్ బ్రేక్ ఉన్నవైతే సర్వీస్ మోడ్‌లో (రిపేరు కోసం ఆ బ్రేక్‌ను వదులు చేసే అమరికలో) పెట్టకుండా ముట్టుకోవద్దు. ఎంత నొక్కినా కదలని పిస్టన్ ఉంటే అక్కడితో ఆపి మెకానిక్‌కు అప్పగించండి.

డిస్క్ మీద గోరు దిగేంత గాడి ఉంటే డిస్క్ మార్చాలి. ఉండాల్సిన కనీస మందం చాలా డిస్కుల మీదే ముద్రించి ఉంటుంది. లేత్ మీద చెక్కించడాన్ని నేను ఒప్పుకోను, ఇప్పటికే అరిగిన ఇనుమును ఇంకా తగ్గించడం ఏమిటి? ప్యాడ్లయినా డిస్కులయినా కుడి ఎడమలు రెండూ కలిపే మార్చండి.

బిగించాక

కదిలించే ముందు పెడల్‌ను గట్టిపడే దాకా తొక్కండి. మొదటి తొక్కుడు నేల దాకా పోతుంది, మరచిపోతే కారు ఆగదు. తర్వాత కొత్త ప్యాడ్లు డిస్క్‌కు కుదురుకోవడానికి ఖాళీ రోడ్డు మీద గంటకు 50 కిలోమీటర్ల నుంచి 10కి, పూర్తిగా ఆపకుండా, ఎనిమిది పది సార్లు మెల్లగా తగ్గించండి. మధ్యలో కాస్త దూరం నడిపి చల్లారనివ్వండి. అంతా అయ్యాక కూడా సన్నగా గీకుతుంటే డిస్క్ వెనక రేకు వంగి తగులుతోందేమో చూడండి. పని చేసేటప్పుడు మోచెయ్యి తగిలి అది వంగడం మామూలే, చల్లారాక చేత్తో కాస్త వెనక్కి వంచితే చప్పుడు పోతుంది.