పులి, మేక, గడ్డిమోపు: ఆటకి వెబ్ పేజీ కట్టే పద్ధతి

పాత పొడుపు లెక్కే. పడవవాడు పులినీ, మేకనీ, గడ్డిమోపునీ ఏరు దాటించాలి. పడవలో అతనితో పాటు ఒక్కటే పడుతుంది. అతను దగ్గర లేకపోతే పులి మేకని తింటుంది, మేక గడ్డిని తింటుంది. మాది శ్రీకాకుళం కాబట్టి మా పిల్లలకి ఆ ఏరు నాగావళి. ఎనిమిదో తరగతి కోసం దీన్ని వెబ్ పేజీగా చేశాను.

ముందే కంప్యూటర్ దగ్గర కూర్చోకండి. నేను కూర్చుని, కొబ్బరిచెట్లు ఊగేలా బొమ్మలు వేస్తూ రెండు ఆదివారాలు పోగొట్టుకున్నాను. కాగితం తీయండి. పడవతో కలిపి నాలుగూ ఒక్కోటి ఈ ఒడ్డునైనా ఉండాలి, ఆ ఒడ్డునైనా ఉండాలి. అంటే మొత్తం 16 స్థితులు. ఏదో ఒకటి తినేసే స్థితులు 6 ఉంటాయి, కొట్టేయండి. మిగిలిన పదింటిలో ఒక్క ట్రిప్పుతో దేన్నుంచి దేనికి వెళ్లొచ్చో గీతలు కలపండి. 7 ట్రిప్పుల దారి కనిపిస్తుంది, అదీ రెండు రకాలుగా. సగం పని అయిపోయినట్టే.

వెబ్ పేజీని ఆడించే భాష జావాస్క్రిప్ట్‌లో నాలుగు అంకెలు చాలు: ఈ ఒడ్డుకి 0, ఆ ఒడ్డుకి 1. తినేసిందో లేదో చూడ్డానికి ఒకటే షరతు. మేక అంకె పడవ అంకెతో కలవకుండా, పులితోనో గడ్డితోనో కలిస్తే ఆట పోయినట్టు. బొమ్మలకి ఎమోజీలు పెట్టండి, పేజీ బరువెక్కదు. ఫైల్ పైన యూటీఎఫ్-8 అని (అక్షరాల్ని ఎలా చదవాలో బ్రౌజర్‌కి చెప్పే మాట) రాయడం మరవకండి, లేకపోతే తెలుగు అక్షరాలు పిచ్చిగీతలుగా రావచ్చు. ఫోన్ల కోసం, పేజీ స్క్రీన్ వెడల్పుకి సరిపోయేలా చేసే వ్యూపోర్ట్ ట్యాగ్ కూడా పెట్టాలి. అంతా ఒకే ఫైల్‌లో ఉంటే పెన్‌డ్రైవ్‌లో పట్టుకెళ్లి నెట్ లేని ల్యాబ్‌లో కూడా తెరవొచ్చు.

నేను బాగా తప్పు చేసింది ఇక్కడ. మొదట్లో తప్పు ట్రిప్పుని పేజీయే ఆపేసేది, ఎర్రక్షరాల్లో 'కుదరదు' అనేది. దాంతో పిల్లలు ఆలోచించడం మానేసి, ఏ బటన్ పనిచేస్తే అది నొక్కేవారు. ఇప్పుడు ఆపను. పడవ వెళ్లిపోతుంది, వెనకాల పులి మేకని తినేస్తుంది. "ఓలమ్మో, మేక సచ్చిపోనాది మాస్టారూ!" అని అరిచిన పిల్లే కాసేపటికి "మేకని మళ్లీ ఎనక్కి తేవాల" అంది. ఈ లెక్కలో కిటుకంతా అదే, తీసుకెళ్లినదాన్ని వెనక్కి తేవడం. ఎర్రక్షరాలు ఆ మాట అనిపించలేదు.

అందుకే 'వెనక్కి' బటన్ తప్పనిసరి. మొదటి స్థితినీ, ప్రతి ట్రిప్పు తర్వాతి స్థితినీ ఒక జాబితాలో దాచండి, నొక్కితే చివరిది తీసేయండి. 7 అన్న సంఖ్య మాత్రం ముందు చెప్పొద్దు. 9లో దాటించినవాడు తనే తగ్గించుకుంటాడు.

ఓ రోజు ఓ గుంటడు 8 ట్రిప్పుల్లో అయిపోయిందన్నాడు. పడవ చివరికి అవతలే ఉండాలిగా, సరిసంఖ్య ఎలా వస్తుంది? కోడ్ చూస్తే, 'వెనక్కి' నొక్కినా ట్రిప్పుల లెక్క తగ్గడం లేదు. మీరు లెక్కని విడిగా పెట్టుకోకండి. మొదటి స్థితి కూడా జాబితాలోనే ఉంటుంది కాబట్టి, దాని పొడవులోంచి ఒకటి తీసేసి చూపించండి.