పోల్చి రాయడం, 3వ పాఠం: పిగ్మీ పాసమ్, బోగాంగ్ మాత్

గత పాఠంలో దగ్గరి బంధువులైన రెండు పక్షులను పోల్చాం. ఈసారి ఏ చుట్టరికమూ లేని రెండు ప్రాణులను తీసుకుందాం. ఒకటి ఆగ్నేయ ఆస్ట్రేలియాలోని ఎత్తైన కొండల్లో, బండరాళ్ల మధ్య బతికే శిశుకోశ క్షీరదం (పిల్లలను పొట్టమీది సంచిలో పెంచే జంతువు) మౌంటెన్ పిగ్మీ పాసమ్. రెండోది వేసవి గడపడానికి ఆ కొండలకే వలస వచ్చే రెక్కల పురుగు, బోగాంగ్ మాత్ అనే చిమ్మట.

పాసమ్ బరువు సుమారు 45 గ్రాములు, మాత్ బరువు గ్రాములో దాదాపు మూడో వంతు. ఈ అంకెలను పక్కపక్కన పెట్టినంత మాత్రాన ఏమీ తేలదు. పోలిక నిలవాలంటే రెండు ప్రాణులకూ సమానంగా వర్తించే ప్రశ్న ఒకటి కావాలి. గడ్డుకాలాన్ని ఏది ఎలా గట్టెక్కుతుందన్నది మన ప్రశ్న.

పాసమ్‌కు గడ్డుకాలం చలికాలం. ముందుగానే కొవ్వు కూడబెట్టుకొని, మంచు కప్పిన బండల సందుల్లో 5 నుంచి 7 నెలలు సుప్తావస్థలో ఉంటుంది. మధ్యమధ్య మేలుకున్నా, గాఢనిద్రలో దాని శరీర ఉష్ణోగ్రత 2 డిగ్రీల సెల్సియస్ దాకా పడిపోతుంది. మాత్ తప్పించుకోవలసింది మైదానాల వేసవిని. దక్షిణ క్వీన్స్‌లాండ్, పశ్చిమ న్యూ సౌత్ వేల్స్ వంటి చోట్ల గొంగళిపురుగుగా పెరిగిన ఈ ప్రాణి, రెక్కలు వచ్చాక రాత్రివేళల్లో ఎగురుతూ, ఒక్కోసారి 1,000 కిలోమీటర్ల దాకా ప్రయాణించి, చల్లని కొండగుహలు చేరి నిద్రాణమవుతుంది. ఆ గుహల గోడలపై మాత్‌లు ఒకదాని రెక్కల కిందికి మరొకటి తల దూర్చి, పెంకులు పేర్చినట్లు, చదరపు మీటరుకు సుమారు 17,000 చొప్పున అంటిపెట్టుకొని ఉంటాయి. శరదృతువులో అవే తిరిగి మైదానాలకు వెళ్లి, గుడ్లు పెట్టి చనిపోతాయి.

రెండూ కొవ్వునే నమ్ముకొని నిద్రపోతాయి. అయితే ఒకటి ఉన్నచోటనే చలిని దాటితే, మరొకటి చోటు మార్చి ఎండను దాటుతుంది. సామ్యం, భేదం ఒకే ప్రశ్న నుంచి పుట్టడాన్ని గమనించండి. అప్పటిదాకా శిలాజంగా మాత్రమే తెలిసిన ఈ పాసమ్ 1966లో మౌంట్ హోథమ్‌లోని ఒక స్కీ విడిదిలో సజీవంగా దొరికిందన్న విషయం ఎంత అబ్బురమైనా, మన ప్రశ్నకు చెందదు కనుక వ్యాసంలో చోటివ్వకూడదు.

పోలిక కుదిరాక సంబంధాన్ని వెతకాలి, నా దృష్టిలో అసలు పని ఇదే. దక్షిణార్ధగోళపు వసంతంలో, అంటే సెప్టెంబరు తర్వాత, కొవ్వు కరిగి ఆకలితో లేచే పాసమ్‌కు అప్పుడే వచ్చే కొవ్వుపట్టిన మాత్ ముఖ్యాహారం. 2017 నుంచి కరువు వల్ల మాత్‌ల రాక దారుణంగా పడిపోయినప్పుడు, ఎన్నో తల్లి పాసమ్‌ల శిశుకోశాల్లోని పిల్లలు చనిపోయాయి.

అభ్యాసం: ఈ రెండు ప్రాణులనే తీసుకొని, సంతానాన్ని ఏది ఎలా నిలుపుకుంటుందన్న ప్రశ్నతో, పట్టిక గీయకుండా పది వాక్యాలు రాయండి. ఆ ప్రశ్నకు జవాబు కాని వాక్యాలను కొట్టివేసిన తర్వాతే తర్వాతి పాఠానికి రండి.