ఇంటర్ చదివే పిల్లలతో ఎనర్జీ డ్రింకులు, 'చదువు మాత్రల' గురించి ఎలా మాట్లాడాలి?

అమీర్‌పేట, కూకట్‌పల్లి, దిల్‌సుఖ్‌నగర్... ఏ హాస్టల్ సందులో కిరాణా కొట్టుకి వెళ్లినా ఫ్రిజ్‌లో మజ్జిగ ప్యాకెట్ల పక్కనే ఎనర్జీ డ్రింక్ డబ్బాలు కనిపిస్తాయి, పరీక్షలు దగ్గర పడితే నైట్ అవుట్ కొట్టే పిల్లలకు అదే రాత్రి భోజనం. మనం మాత్రం డ్రగ్స్ అంటే పబ్బుల గొడవే అనుకుంటాం. నిజానికి కాఫీలోని కెఫీన్, సిగరెట్‌లోని నికోటిన్, ఏడీహెచ్‌డీకి (ఏకాగ్రత, నిలకడ కుదరని సమస్య) డాక్టర్లు రాసే, కొందరు 'చదువు మాత్ర' అని వేసుకునే మిథైల్‌ఫెనిడేట్, కొకైన్, మెథ్ (మెథాంఫెటమిన్) అన్నీ స్టిమ్యులెంట్లే, అంటే మెదడును ఉత్తేజపరిచేవే. బలంలో నక్కకీ నాగలోకానికీ ఉన్నంత తేడా ఉంది, కాబట్టి అన్నింటినీ ఒకే గాటన కట్టి భయపెట్టొద్దు, మొదటి రోజే మీ మాట చెల్లకుండా పోతుంది.

1. ముందు మీరు అర్థం చేసుకోండి

మెదడులో హుషారు, ఆసక్తి కలిగించే డోపమైన్ అనే రసాయనం విడుదలయ్యాక నరకణం దాన్ని మళ్లీ లోపలికి లాగేసుకుంటుంది. కొకైన్, మిథైల్‌ఫెనిడేట్ ఆ లాగడాన్ని అడ్డుకుంటాయి, మెథ్ అయితే లోపలున్నదాన్ని కూడా బయటికి తోసేస్తుంది. నలభై ఏళ్ల తండ్రిలోనూ పదహారేళ్ల కొడుకులోనూ జరిగేది ఇదే. తేడా ఎక్కడంటే, కొడుకు మెదడులో పని ఇంకా నడుస్తోంది. ఆలోచించి ఆగడం, ముందు వెనకలు చూసుకోవడం, వీటికి ఆధారమైన నుదుటి వెనక భాగం పూర్తిగా కుదురుకునేసరికి ఇంచుమించు పాతికేళ్లు వస్తాయి.

కెనడాలోని మెగిల్ యూనివర్సిటీలో సిసిలియా ఫ్లోరెస్ బృందం చుంచెలుకల మీద చేసిన పని ఇక్కడ బాగా ఉపయోగపడుతుంది. టీనేజ్‌కి సమానమైన వయసులో కొన్ని డోపమైన్ నరాల పోగులు లోపలి భాగాల నుంచి ఆ నుదుటి భాగం వైపు ఇంకా పెరుగుతూ పోతుంటాయని వాళ్లు చూపించారు. ఆ సమయంలో మెథ్‌కి దగ్గరి చుట్టమైన యాంఫెటమిన్ ఇస్తే మగ ఎలుకల్లో ఆ పోగులు దారి తప్పాయి, అదే వయసు ఆడ ఎలుకలు మాత్రం తట్టుకున్నాయి. ఎలుకల్లో కనిపించిందల్లా మన పిల్లల్లో అచ్చంగా అలాగే జరుగుతుందని చెప్పలేం, పిల్లలకు ఇలాంటి డ్రగ్స్ ఇచ్చి ప్రయోగాలు చేయరు కదా.

అలాగని 'చిన్న పిల్లల మెదడు నాజూకు' అని ఒక్క ముక్కలో తేల్చేయకండి. ఎక్కువ మోతాదులో మెథ్ ఇచ్చినప్పుడు డోపమైన్ నరాల చివర్లు కుర్ర ఎలుకల్లో కంటే పెద్ద ఎలుకల్లోనే ఎక్కువ దెబ్బతిన్నట్టు తేలింది. నికోటిన్ సంగతి ఇంకా చిత్రం: కుర్ర ఎలుకలకు దానివల్ల వచ్చే హుషారు ఎక్కువ, మానేసినప్పుడు పడే ఇబ్బంది తక్కువ. పెద్దవాళ్లను 'ఇక చాలు' అని ఆపే బాధే ఈ వయసులో సరిగా తెలియదన్నమాట. మీవాడు "నాకేం కాలేదు" అన్నప్పుడు అబద్ధం చెప్తున్నాడని ఎగిరిపడకండి, వాడికి నిజంగానే ఏమీ కానట్టు ఉండొచ్చు.

2. చోటు చూసుకుని మాట్లాడండి

ఆదివారం హాస్టల్ నుంచి ఇంటికి తెచ్చేటప్పుడు బండి మీద మాట్లాడితే ముఖాముఖి ఉండదు, సగం టెన్షన్ అక్కడే పోతుంది. పెద్దమ్మ, బాబాయి ఉన్న పండగ భోజనాల దగ్గర మాత్రం వద్దు.

3. తీర్పు చెప్పకుండా లెక్క అడగండి

"బిడ్డా, నీకేం కాలేదంటున్నావు, నమ్ముతున్నా. కానీ నీ వయసులో ఆ తేడా వెంటనే తెలియదట. ఎట్లా అనిపించిందో వదిలెయ్, ఈ వారం ఎన్ని డబ్బాలు తాగినవో చెప్పు." ఇంతే. అవతలి నుంచి వచ్చే అంకె ఏదైనా కళ్లు పెద్దవి చేయకండి.

4. డబ్బా వెనక చదివించండి

మన దేశంలో ఈ డ్రింకుల్లో లీటరుకు 145 నుంచి 300 మిల్లీగ్రాముల వరకు కెఫీన్ ఉండొచ్చు. అంటే 250 మి.లీ. డబ్బాలో గరిష్ఠంగా 75. పిల్లలకు తగదని దాని మీదే, భూతద్దం పెట్టి వెతకాల్సినంత అక్షరాల్లో రాసి ఉంటుంది. ఐరోపా ఆహార భద్రతా సంస్థ లెక్కలో పెద్దవాళ్లకు రోజుకు 400 మిల్లీగ్రాముల దాకా పర్లేదు, పిల్లలకూ టీనేజర్లకూ అయితే కిలో బరువుకు 3. యాభై కిలోల అమ్మాయికి 150, రెండు డబ్బాలతో సరి, ఆపైన తాగే ఇరానీ చాయ్ అంతా అదనం. అమెరికా పిల్లల డాక్టర్ల సంఘమైతే 2011లోనే పిల్లలకూ టీనేజర్లకూ ఎనర్జీ డ్రింకులు అసలే వద్దంది.

ఇంకో లెక్క కూడా వాళ్లతోనే వేయించండి. కెఫీన్ ఒంట్లో సగానికి తగ్గడానికి సుమారు 5 గంటలు పడుతుంది, సాయంత్రం ఆరింటికి తాగినదాంట్లో సగం రాత్రి పదకొండుకి ఇంకా ఉంటుంది. చదివింది బుర్రలో నిలబడేది నిద్రలోనే కాబట్టి ఫిజిక్స్ కోసం మేలుకుంటే పోయేది ఫిజిక్సే.

5. మాత్రల విషయం విడిగా చెప్పండి

డాక్టర్ పరీక్షించి ఏడీహెచ్‌డీకి మందు రాస్తే, ఇది చదివి భయపడి మానేయకండి. నోటి ద్వారా, కొలత ప్రకారం వేసుకునే మందుతో డోపమైన్ మెల్లగా పెరుగుతుంది, ముక్కుతో పీల్చినప్పుడు వచ్చే ఒక్కసారి ఊపు వేరు. సందేహముంటే ఆ డాక్టర్‌నే అడగండి.

రూమ్మేట్ స్ట్రిప్‌లోంచి రెండు మాత్రలు తీసుకోవడం మాత్రం పూర్తిగా వేరే కథ. 2023లో మెల్‌బోర్న్ యూనివర్సిటీ పరిశోధకులు ఏ జబ్బూ లేని పెద్దవాళ్లకు ఇలాంటి మందులిచ్చి కష్టమైన లెక్కలు చేయిస్తే శ్రమ పెరిగింది, ఆ శ్రమలో నాణ్యత తగ్గింది. ర్యాంకు పిచ్చిలో ఉన్న పిల్లలకు ఈ ఒక్క ముక్క తగిలినంతగా ఆరోగ్య సూత్రాలు తగలవు. పైగా మిథైల్‌ఫెనిడేట్ 1985 నాటి ఎన్‌డీపీఎస్ (మాదకద్రవ్యాల) చట్టం కిందికి వస్తుంది, స్నేహం కొద్దీ పంచుకున్నా చిక్కే.

6. చేయి దాటుతోందనిపిస్తే

వారాల తరబడి నిద్ర లేకపోవడం, అన్నం సయించకపోవడం, ఊరికే చిరాకు, డబ్బుల లెక్క తేలకపోవడం కనిపిస్తే 14416కి ఫోన్ చేయండి, అది ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్, ఉచితం, రాత్రయినా తెలుగులో మాట్లాడతారు. ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రి పేరు చెప్తే నవ్వే అలవాటు మన ఊళ్లో ఉంది, నవ్వేవాళ్లను నవ్వుకోనివ్వండి, అక్కడున్నదీ డాక్టర్లే.

ఛాతీలో నొప్పి, ఫిట్స్, ఒళ్లు కాలిపోవడం, ఎవరో వెంటపడుతున్నారన్న భ్రమ ఉంటే ఆలోచించకుండా 108కి చేయండి. ఆసుపత్రిలో పరువు గురించి ఆలోచించి "ఏదో ఫుడ్ పాయిజన్ అండీ" అనకండి, ఏం తీసుకున్నాడో, ఎప్పుడు తీసుకున్నాడో డ్యూటీ డాక్టర్‌కి చెప్పేయండి, జేబులో స్ట్రిప్ దొరికితే అదీ చూపించండి.