‘సరే, చూసుకోండి’ అనే ముందు: కొరాపుట్, రాయగడ వైపు కొత్తగా వచ్చేవాళ్లకు

ఒడిశాలోని జయపురం, సునాబెడ, దమన్‌జోడి, రాయగడ వైపు ఉద్యోగానికో వ్యాపారానికో కొత్తగా వచ్చే మనవాళ్లు ఇల్లు ఎక్కడ దొరుకుతుంది, పిల్లలకు మంచి బడి ఏది, తెలుగు తెలిసిన డాక్టరు ఎవరైనా ఉన్నారా అని అడుగుతుంటారు. అవన్నీ వచ్చిన కొద్ది రోజులకే బజారులో నలుగురిని పలకరిస్తే తెలిసిపోతాయి, ఇక్కడ తెలుగు వచ్చినవాళ్లకు కొదవ లేదు. ఎవరూ అడగనిది ఇంకొకటి ఉంది. దారిలో పోలీసులు ఆపి బ్యాగు తెరవమన్నా, జేబులు చూపించమన్నా, ఇంటికొచ్చి లోపల చూడాలన్నా ఏం అనాలి, ఏ కాగితం మీద సంతకం పెట్టొచ్చు, దేనిమీద పెట్టకూడదు. ఈ జిల్లాల్లో ఉండేవాళ్లకు ఇది రేషన్ కార్డు కంటే ముందు తెలియాల్సిన సంగతి.

కారణం గంజాయి. మల్కాన్‌గిరి, కొరాపుట్ కొండల నుంచి సరుకు ఆంధ్ర మీదుగా దిగువకు పోతుంటుంది కాబట్టి సరిహద్దుకు రెండు పక్కలా తనిఖీలు తప్పవు. సాలూరు నుంచి ఘాట్ ఎక్కి సుంకి మీదుగా కొరాపుట్ వచ్చే దారిలో గానీ, రైళ్లలో గానీ ఎప్పుడో ఒకప్పుడు మీ సామాను కూడా తెరిచి చూస్తారు. ఖాకీ బట్టల్లో ఉన్నవాళ్లంతా పోలీసులే కానక్కర్లేదు, ఎక్సైజ్‌వాళ్లకూ మత్తుపదార్థాల చట్టం కింద అధికారం ఉంది. దాన్ని అవమానంగా తీసుకోకండి, కానీ తేలిగ్గానూ తీసుకోకండి. ఎన్‌డీపీఎస్ అనే 1985 నాటి ఆ చట్టంలో కిలో లోపు గంజాయి దొరికితే ఏడాది దాకా జైలు, కిలో దాటి 20 కిలోల లోపయితే పదేళ్ల దాకా. 20 కిలోలు దాటితే కనీస శిక్షే పదేళ్లు, బెయిలు రావడం కూడా మహా కష్టం. పైగా మీ స్వాధీనంలో సరుకు దొరికిందంటే అది ఎలా వచ్చిందో చెప్పుకోవాల్సిన భారం మీ మీదికే వస్తుంది.

ఇప్పుడు అసలు విషయం. అమెరికాలో ఉన్న మన పిల్లలు ‘పోలీసులు కారు చూస్తామంటే ఒప్పుకోను అని చెప్పేయాలి, అంతే’ అంటుంటారు. అక్కడ అది చాలావరకు నిజమే. ఒత్తిడి లేకుండా ఇచ్చిన అంగీకారంతో చేసిన తనిఖీ చెల్లుతుందని, కాదనే హక్కు ఉందని పోలీసు ముందుగా చెప్పకపోయినా చెల్లుతుందని 1973లో వాళ్ల సుప్రీంకోర్టు తేల్చింది, అందుకే అక్కడ ఒప్పుకోను అన్న మాటకు అంత బరువు. మన చట్టం అలా లేదు. ఇక్కడ పోలీసుల అధికారం మీ ఒప్పుకోలు మీద నడవదు. చట్టంలో చెప్పిన కారణం ఉంటే మీరు వద్దన్నా చూస్తారు, అలాంటి కారణం లేనప్పుడే మీరు అన్న ‘సరే’ వాళ్లకు అక్కరకొస్తుంది, తర్వాత ‘ఆయనే చూసుకోమన్నాడు’ అని కాగితం మీదికి ఎక్కుతుంది. అందుకని నేను అందరికీ చెప్పే మాట ఒక్కటే, నెమ్మదిగా, చేతులు కనిపించేలా పెట్టుకుని చెప్పండి: ‘మీ డ్యూటీ మీరు చేయండి సార్, నేను అడ్డుపడను, కానీ నేను ఒప్పుకున్నానని మాత్రం రాయకండి.’ గొంతు పెంచొద్దు, బ్యాగు లాక్కోవద్దు, చెయ్యి అడ్డం పెట్టొద్దు. విధుల్లో ఉన్నవాళ్లను అడ్డుకోవడం (పాత ఐపీసీ బదులు వచ్చిన) భారతీయ న్యాయ సంహితలో 221వ సెక్షన్ కింద వేరే నేరం, తోపులాట జరిగితే 132 కూడా పడుతుంది, అప్పుడు అసలు తనిఖీ సంగతి పక్కకు పోయి మీరు నిజంగానే ముద్దాయి అవుతారు.

ఒంటి మీద తనిఖీ దగ్గర మాత్రం మీ మాటకు చట్టం పెద్ద విలువే ఇచ్చింది. ఎన్‌డీపీఎస్ 50వ సెక్షన్ ప్రకారం మీ ఒంటిని, జేబులను వెతకబోయే ముందు ‘గెజిటెడ్ అధికారి ఎదుటో మేజిస్ట్రేట్ ఎదుటో తనిఖీ చేయించుకునే హక్కు నీకుంది’ అని వాళ్లే మీకు చెప్పాలి. చెప్పడం వాళ్ల బాధ్యత అని 1999లో బల్దేవ్ సింగ్ కేసులో, అరకొరగా పాటిస్తే చాలదని 2010లో విజయ్‌సిన్హ్ జడేజా కేసులో మన సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనాలు చెప్పాయి. ఇది తప్పితే ఒంటి మీద దొరికిన సరుకును మీ దగ్గర ఉన్నదనడానికి రుజువుగా వాడుకోలేరు. నలుగురిని వరసగా నిలబెట్టి అందరికీ కలిపి ఒకేసారి చెప్పేస్తే కుదరదు, ఒక్కొక్కరికీ విడిగా చెప్పాలి. దాడికి వచ్చిన బృందంలోని అధికారి ఎదుటే చూపించుకోవచ్చు అని మూడో దారి చూపించడమూ చెల్లదు. ఈ రెండూ 2014లో పరమానంద్ కేసులో వచ్చిన తీర్పులోవే. ఆడవాళ్లను ఆడవాళ్లే తనిఖీ చేయాలి, దానికి మినహాయింపు లేదు.

మరి మనవాళ్లు ఎక్కడ దెబ్బతింటారంటే, ఆ కాగితం దగ్గర. తనిఖీకి ముందు ఒక నోటీసు ఇస్తారు, కింద మీ జవాబు కోసం జాగా ఉంటుంది, ‘నాకు గెజిటెడ్ అధికారి అక్కర్లేదు, మీరే చూడండి’ అన్న వాక్యం అప్పటికే రాసి ఉంటే మీరు సంతకం మాత్రమే పెడతారు. అదంతా ఒడియాలో ఉంటే మీకు తలా తోకా తెలియదు, వెనక బస్సు హారన్ కొడుతుంటుంది, కండక్టరు తొందరపెడుతుంటాడు, టెన్షన్‌లో పెన్ను అందుకుంటారు. ఆగండి. 2023లో రంజన్ కుమార్ చద్దా కేసులో సుప్రీంకోర్టు ఏమందంటే, హక్కు గురించి సరిగ్గా చెప్పాక మనిషి తనంతట తాను స్పష్టంగా వదులుకుంటే ఇక గెజిటెడ్ అధికారి దగ్గరికి తీసుకెళ్లనక్కర్లేదు, కాకపోతే ఆ వదులుకోవడం రాతపూర్వకంగా ఉండాలి. అంటే ఆ సంతకంతో హక్కు నిజంగానే పోతుంది. తర్వాత ‘నాకు ఒడియా రాదు’ అని కోర్టులో చెప్పుకోవడం కన్నా అక్కడే చెప్పడం వెయ్యి రెట్లు మేలు. ‘ము ఒడియా పొఢి పారె నాహిఁ’ అనండి, అంటే నేను ఒడియా చదవలేను అని, ఈ ఒక్క వాక్యం నేర్చుకోండి. హిందీలోనో తెలుగులోనో చదివి చెప్పమనండి. అప్పటికీ సంతకం పెట్టాల్సి వస్తే ఆ జాగాలో మీ చేత్తో తెలుగులో ‘గెజిటెడ్ అధికారి ఎదుటే తనిఖీ కోరుతున్నాను’ అని గానీ, ‘ఇందులో ఏముందో నాకు చదివి చెప్పలేదు’ అని గానీ రాసి, తేదీ, టైము వేసి, దాని కిందనే సంతకం పెట్టండి. తెలుగులో రాయకూడదన్న నిబంధన ఏదీ లేదు. తహసీల్దారో బీడీఓనో వచ్చేదాకా రెండు మూడు గంటలు కూర్చోవాల్సి వస్తే కూర్చోండి, బస్సు పోతే ఇంకో బస్సు వస్తుంది.

ఒక జాగ్రత్త. ఈ 50వ సెక్షన్ ఒంటికే, చేతిలో ఉన్న బ్యాగుకు వర్తించదు, అదే 2023 తీర్పు ఈ మాట కూడా గట్టిగా చెప్పింది. బ్యాగు విషయంలో చట్టం మిమ్మల్ని అంతగా కాపాడదు కాబట్టి మీరే కాపాడుకోవాలి. సీటు కింద ఎవరిదో తెలియని సంచి ఉంటే బస్సు కదలకముందే కండక్టరుకు చెప్పండి, తనిఖీవాళ్లు ఎక్కాక కాదు. ‘అన్నా, ఈ పార్శిల్ విజయనగరంలో మా తమ్ముడికి ఇచ్చేయండి’ అని ఎవరైనా అడిగితే ఎంత తెలిసిన మనిషైనా మొహమాటం లేకుండా కుదరదనండి. మీ సామాను మీద పేరు రాసుకోండి, టికెట్ దిగేదాకా పారేయకండి. లారీ, వ్యాన్ నడిపేవాళ్లకు ఇది మరీ ముఖ్యం, తిరుగు ప్రయాణంలో బిల్లు లేని లోడు ఎక్కించుకోవద్దు.

ఇంటి విషయానికొస్తే పద్ధతి వేరు. 2024 జులై 1 నుంచి తనిఖీలు, అరెస్టులు ఎలా జరగాలో చెప్పే పాత సీఆర్‌పీసీ పోయి భారతీయ నాగరిక్ సురక్షా సంహిత వచ్చింది. వారెంట్ లేకుండా ఇల్లు చూడాలంటే 185వ సెక్షన్ కింద ఎందుకు చూస్తున్నారో, దేనికోసం చూస్తున్నారో అధికారి ముందే రాసిపెట్టాలి, ఆ రాతల కాపీ 48 గంటల్లోగా మేజిస్ట్రేటుకు పంపాలి, మీరు దరఖాస్తు పెట్టుకుంటే మేజిస్ట్రేటు దాన్ని ఉచితంగా ఇస్తారు. తనిఖీ మొత్తం వీడియో తీయాలి, సెల్‌ఫోన్‌తో తీసినా చాలు. చుట్టుపక్కల ఉండే ఇద్దరు పెద్దమనుషుల్ని సాక్షులుగా పిలవాలి, మీరు లోపల ఉండి చూసే హక్కు ఉంది, తీసుకున్న ప్రతి వస్తువూ లిస్టులో ఎక్కాలి, దాని కాపీ మీకు ఇవ్వాలి. ఎన్‌డీపీఎస్ కేసని రాత్రిపూట వస్తే, పొద్దు పోయాక వారెంట్ లేకుండా ఎందుకు రావాల్సి వచ్చిందో కూడా రాయాలి. గుమ్మంలోనే ‘రండి సార్, చూసుకోండి, మా దగ్గర ఏముంది’ అని లోపలికి పిలిచేస్తే ఈ రాతకోతలన్నీ అక్కర్లేదు అనుకునే అవకాశం మీరే ఇచ్చినట్టు. అందుకే మర్యాదగానే అడగండి: ఏ థానా నుంచి వచ్చారు, దేనికోసం, వారెంట్ ఉందా, వీడియో తీస్తున్నారా. ఇక్కడ థానాకు పెద్ద ఐఐసీ, మన దగ్గర సీఐ అన్నట్టు, ఆయన పేరు అడగడంలో తప్పేమీ లేదు. సాక్షుల్లో ఒక్కరైనా మీకు తెలిసిన, తెలుగు వచ్చిన పక్కింటివాళ్లు ఉండేలా పిలవమనండి. అద్దె ఇంట్లో ఉంటే ఓనరుకు, రూమ్మేట్లకు ముందే చెప్పిపెట్టుకోండి, మీరు లేనప్పుడు ఎవరొచ్చినా తమంతట తాము తాళం తీసి చూపించకుండా మీకు ఫోన్ చేయమని.

దుకాణం పెట్టేవాళ్లకు ఇంకో మాట. పక్క వీధిలో ఎవరింట్లోనో తనిఖీ అయితే మిమ్మల్నే సాక్షిగా పిలుస్తారు. రాతపూర్వకంగా పిలిచాక సరైన కారణం లేకుండా రానంటే అదీ నేరమే, కాబట్టి వెళ్లండి. వెళ్లి కళ్లారా చూసిన దానికే సంతకం పెట్టండి. ఖాళీ కాగితం మీద, తర్వాత నింపుకుంటాం అన్న లిస్టు మీద ఎవరెంత బతిమాలినా పెట్టొద్దు, అవతల ఒక మనిషి పదేళ్ల జీవితం దాని మీద ఆధారపడి ఉంటుంది.

ఫోన్ సంగతి చాలామంది అడుగుతారు. దారిలో ఆపి లాక్ తీయించి వాట్సాప్ చదివే మామూలు అధికారం ఏదీ చట్టంలో లేదు. 2021లో హైదరాబాద్‌లో పోలీసులు ఇలా చేసిన వీడియోలు బయటికొస్తే పెద్ద గొడవే అయింది. అదే ఏడాది కర్ణాటక హైకోర్టు ఫోన్‌లో ఉన్నది చూడాలంటే మామూలుగా సెర్చ్ వారెంట్ ఉండాలంది. ఆ తీర్పు ఒడిశాలో కోర్టులను కట్టిపడేయదు, అయినా ‘కేసు ఉంటే ఫోన్ సీజ్ చేసి లిస్టులో రాయండి సార్, ఇలా చేతికి ఇవ్వలేను’ అని చెప్పడానికి దన్నుగా నిలుస్తుంది.

ఒక అపోహ కూడా పోవాలి. తనిఖీ తప్పుగా జరిగితే కేసు దానంతట అదే కొట్టేస్తారనుకుంటారు. 1973లో పూరన్‌మల్ కేసు నుంచి మన సుప్రీంకోర్టు చెబుతున్నది వేరు: తనిఖీ పద్ధతి తప్పినంత మాత్రాన దొరికిన సాక్ష్యం పనికిరాకుండా పోదు. 50వ సెక్షన్ లాంటి చోట్ల తప్ప, పోలీసుల తప్పు మిమ్మల్ని గట్టెక్కిస్తుందని ధీమాగా ఉండొద్దు. అందుకే కాపీలు, వీడియో, సాక్షులు ఇవన్నీ అప్పటికప్పుడే పట్టుబట్టి అడగాలి, నెల తర్వాత వకీలు అడిగితే అప్పుడు ఏమీ మిగలదు.

అరెస్టు దాకా వస్తే 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు పెట్టాలి, మీరు చెప్పిన మనిషికి కబురు చేయాలి. ఎందుకు అరెస్టు చేశారో మీకు అర్థమయ్యే భాషలో రాసి ఇవ్వాలని 2025 నవంబర్‌లో సుప్రీంకోర్టు చెప్పింది, మనలాంటి పక్క రాష్ట్రం వాళ్లకు ఇంతకన్నా పనికొచ్చే తీర్పు ఈమధ్య రాలేదని నా అభిప్రాయం. కస్టడీలో ఉన్న ఎవరికైనా, ఆడవాళ్లకు, ఎస్సీ ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా ప్రభుత్వమే ఉచితంగా వకీలును ఇస్తుంది, 15100కు ఫోన్ చేయాలి. అనుమానానికి కారణమే లేకుండా ఊరికే వేధించడానికి ఎన్‌డీపీఎస్ పేరుతో తనిఖీ చేసిన అధికారికి అదే చట్టం 58వ సెక్షన్‌లో ఆరు నెలల దాకా జైలు ఉంది, ఇది తెలిసినవాళ్లు తక్కువ.

కొరాపుట్ జిల్లా కోర్టు ఉన్నది జయపురంలోనే, తెలుగు మాట్లాడే వకీలు ఎవరైనా ఉన్నారేమో వచ్చిన మొదటి నెలలోనే కనుక్కుని ఆ నంబర్ ఇంట్లోవాళ్ల ఫోన్లలో కూడా వేసి పెట్టండి. చేతికి ఏ కాగితం వచ్చినా వీలైన వెంటనే ఫొటో తీసి ఇంటికి పంపేయండి.