డిష్ రిమోట్‌తో వేగడం ఎలా?

“రిమోట్ పోయింది” అనే మాటకు ఇంట్లో రెండు అర్థాలున్నాయి. ఎక్కడో పెట్టి మర్చిపోయారన్నది ఒకటి. ఎంత నొక్కినా పలకట్లేదన్నది రెండోది. మొదటిదానికి సోఫా సందుల్లో చెయ్యి పెట్టి వెతకడం, దుప్పట్లు దులపడం తప్ప వేరే మందు లేదు. ఈ వ్యాసం రెండోదాని గురించి.

పలకని రిమోట్‌తో అందరం చేసేది ఒకటే. అరచేతికేసి రెండు దెబ్బలు కొడతాం, సెల్స్ తీసి అటుదిటు ఇటుదటు మారుస్తాం, ఇంకా గట్టిగా నొక్కుతాం, చివరికి కొత్తది తెచ్చేస్తాం. నేనూ ఓసారి అలాగే తెచ్చాను. కొత్త రిమోట్‌కూ సెట్‌టాప్ బాక్స్ ఉలకలేదు, పలకలేదు. తీరా చూస్తే, ఇల్లు సర్దుతూ ఎవరో బాక్స్ ముందు ఫోటో ఫ్రేము నిలబెట్టారు. దాదాపు 36 వేల కిలోమీటర్ల ఎత్తునుంచి ఉపగ్రహం పంపుతున్నది డిష్‌కు చక్కగా అందుతోంది. నా చేతిలోంచి మూడు మీటర్లు పోవాల్సింది మాత్రం ఆ ఫ్రేము దగ్గర ఆగిపోయింది. అప్పటినుంచి రిమోట్ మీద నింద వేసే ముందు మిగతావాళ్లందర్నీ విచారిస్తున్నాను.

ముందు తప్పెవరిదో తేల్చుకోండి

చేతిలో ఉన్నది ఒక్క రిమోటే అయినా అవతల ఉన్నవి రెండు: టీవీ, బాక్స్. రిమోట్ మీద మీటల్లో చాలావరకు బాక్స్‌వి. టీవీ పవర్, సోర్స్ లాంటివి ఓ మూలన విడిగా ఉంటాయి. సగం తగాదాలు ఈ ఉమ్మడి కాపురంలోంచే పుడతాయి.

తెర మీద “నో సిగ్నల్” అని కనిపించగానే టెన్షన్ పడకండి. ఆ మాట ఎవరంటున్నారో చూడండి. ఖాళీ తెర మీద ఆ రెండు ముక్కలే ఉండి, పక్కన ‘ఏవీ’ అనో ‘హెచ్‌డీఎంఐ 2’ అనో కనిపిస్తే అది టీవీ మాట. బాక్స్ వైరు ఒక పోర్టుకు ఉంది, టీవీ ఇంకో పోర్టు వైపు చూస్తోంది. ఎవరి వేలో సోర్స్ మీట మీద పడి ఉంటుంది. మళ్లీ సోర్స్ నొక్కి సరైన పోర్టును ఎంచుకుంటే చాలు, బొమ్మ వచ్చేస్తుంది.

అలా కాకుండా ఛానెల్ నంబరు, పేరు కనిపిస్తూ సిగ్నల్ అందట్లేదని వస్తే అది బాక్స్ మాట. అప్పుడు చూడాల్సింది డిష్‌నూ దాని కేబుల్‌నూ. బయట జోరువాన పడుతుంటే అదీ అక్కర్లేదు. ఇళ్ల మీది డిష్‌లకు వచ్చే తరంగాలు ఎక్కువగా 12 గిగాహెర్ట్జ్ చుట్టుపక్కల ఉంటాయి, వాటిని వాన చినుకులు మింగేస్తాయి. వాన తగ్గాక బొమ్మ దానంతటదే వస్తుంది. ఈలోపు ఊరుకోలేక మెనూలోకి దూరి సెట్టింగ్స్ మార్చేశారనుకోండి, వాన వెలిసినా బొమ్మ రాదు.

ఏదీ తేలకపోతే రిమోట్ మీద మెనూ గానీ గైడ్ గానీ నొక్కండి. బాక్స్ మెనూ తెర మీదికి వచ్చిందంటే రిమోట్, బాక్స్ రెండూ బాగానే ఉన్నట్టు. రాకపోతే బాక్స్ స్విచ్ కట్టేసి, అర నిమిషం ఆగి మళ్లీ వేయండి. ఒక్కోసారి బిగుసుకుపోయేది బాక్సే.

కనపడని వెలుగును చూడండి

రిమోట్ మూతి దగ్గర చిన్న ఎల్‌ఈడీ ఉంటుంది. మీట నొక్కినప్పుడు అది పరారుణ కాంతిని చిమ్ముతుంది. దాని తరంగదైర్ఘ్యం సుమారు 940 నానోమీటర్లు. 700 దాటాక మన కంటికి దాదాపు ఏమీ ఆనదు. ఒక్కో మీటకు ఒక్కో లెక్క ప్రకారం ఆ కాంతి ఆగి ఆగి వస్తుంది. వచ్చిన ప్రతి మెరుపూ సెకనుకు 38 వేలసార్లో, ఆ దరిదాపుల్లోనో వెలిగి ఆరుతుంది. ఆ వేగంతో కొట్టుకునే వెలుగునే బాక్స్ కన్ను (ముందువైపు ఉండే సెన్సర్) పట్టించుకుంటుంది, గదిలోని మిగతా వెలుతురును వదిలేస్తుంది.

మన కంటికి ఆననిది ఫోన్ కెమెరాకు ఆనుతుంది. రిమోట్‌కు ఇంతకంటే మంచి పరీక్ష లేదు:

1. ఫోన్‌లో సెల్ఫీ కెమెరా తెరవండి. వెనక కెమెరాలో పరారుణాన్ని ఆపే ఫిల్టర్ గట్టిగా ఉంటే ఏమీ కనిపించకపోవచ్చు.
2. గదిలో వెలుతురు తగ్గించి, రిమోట్ మూతిని కెమెరాకు జానెడు దూరంలో పెట్టండి.
3. ఏదో ఒక మీట నొక్కిపట్టి ఫోన్ తెర వైపు చూడండి.

ఊదారంగులోనో తెల్లగానో మిణుకుమంటే రిమోట్ బతికే ఉంది. ఇక చూడాల్సింది బాక్స్ కంటికి ఏమైనా అడ్డం ఉందా అని. వెలుగు నీరసంగా ఉంటే సెల్స్ మార్చాలి. కొన్ని మీటలకు వస్తూ కొన్నింటికి రాకపోతే తప్పు ఎల్‌ఈడీది కాదు, ఆ మీటలది. ఏదీ నొక్కకుండానే మిణుకుతోందంటే ఏదో మీట లోపలికి ఇరుక్కుపోయింది. కొత్త సెల్స్ నాలుగు రోజులకే అయిపోతున్నాయని మీరు విసుక్కుంటుంటే కారణం అదే కావచ్చు.

ఇక్కడ రెండు మెలికలున్నాయి. కొన్ని రిమోట్ల మీద మీట నొక్కగానే ఎర్రటి చిన్న దీపం వెలుగుతుంది. అది మన కోసం పెట్టినది, అది వెలిగినంత మాత్రాన మూతి దగ్గరి ఎల్‌ఈడీ పనిచేస్తున్నట్టు కాదు. రెండోది, మైకు గుర్తున్న కొత్తరకం రిమోట్లు చాలావరకు బ్లూటూత్‌తో నడుస్తాయి. వాటి మీద కెమెరా పరీక్ష చేస్తే చాలా మీటలకు ఏమీ కనిపించదు, అది లోపమూ కాదు. అవి పలకకపోతే బాక్స్‌తో మళ్లీ పెయిర్ చేయాలి, అంటే బ్లూటూత్‌లో రెండింటినీ జత కలపాలి.

సెల్స్

మీటలు గట్టిగా నొక్కితే తప్ప పనిచేయట్లేదంటే, దగ్గరికి వెళ్తే తప్ప ఛానెల్ మారట్లేదంటే, సెల్స్ పని అయిపోయింది. రెండూ ఒకేసారి మార్చండి. పాతదొకటి, కొత్తదొకటి వేస్తే పాతది కొత్తదాన్నీ లాగేస్తుంది, పైగా కారిపోతుంది. ఛార్జింగ్ సెల్స్ వేయొచ్చు గానీ వాటి వోల్టేజీ 1.5 కాదు, 1.2. కొన్ని రిమోట్లు వాటితో త్వరగా నీరసపడతాయి.

స్ప్రింగుల మీద తెల్లటి పొడో, పచ్చటి చిలుమో పట్టి ఉంటే సెల్ కారిందన్నమాట. కొత్త సెల్స్ వేసినా కరెంటు ఆ చిలుమును దాటి పోదు. ఆల్కలైన్ సెల్‌లోంచి కారేది పొటాషియం హైడ్రాక్సైడ్ అనే క్షారం, చర్మానికీ కంటికీ మంచిది కాదు. చేతికి గ్లవ్స్ వేసుకుని, సెల్స్ తీసేసి, దూదిపుల్లను వెనిగర్‌లో గానీ నిమ్మరసంలో గానీ కాస్త తడిపి చిలుము మీద అద్దండి. పులుపు తగలగానే సన్నగా నురగ రావచ్చు. నురగ తగ్గాక నీళ్లలో ముంచి పిండిన ఇంకో దూదిపుల్లతో ఆ పులుపునంతా తుడిచేయండి, లేకపోతే అదే స్ప్రింగును తినేస్తుంది. బాగా ఆరాక గరుకు రబ్బరుతో రెండుసార్లు రుద్దితే లోహం మెరుస్తుంది. నాకు తెలిసి చెత్తబుట్ట దాకా వెళ్లిన రిమోట్లలో చాలావాటికి వచ్చిన రోగం ఇదే.

పల్చటి రిమోట్లలో బొత్తాం సెల్ ఉంటుంది. ఇంట్లో చిన్నపిల్లలుంటే ఆ మూత స్క్రూ బిగించే ఉంచండి. బొత్తాం సెల్ మింగితే రెండు గంటల్లోనే అన్నవాహికను కాల్చేయగలదు. మింగారన్న అనుమానం వచ్చినా వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాల్సిందే.

సెల్స్ అసలే లేని రిమోట్ ఒకటి ఉండేది. 1956లో అమెరికాలో జెనిత్ కంపెనీ తెచ్చిన ‘స్పేస్ కమాండ్’లో మీట నొక్కితే చిన్న సుత్తి అల్యూమినియం కడ్డీని కొట్టేది. చెవికి వినపడనంత కీచుగా ఆ కడ్డీ చేసే మోతను టీవీ వినేది. ఆ పద్ధతి పోయి మనకు చిలుము మిగిలింది.

కొన్ని మీటలే మొండికేస్తే

ఎక్కువగా నొక్కేవే ముందు పోతాయి: ఛానెల్ పైకి, కిందికి, ఓకే, మ్యూట్. రిమోట్ విప్పితే లోపల మీటలన్నీ ఒకే రబ్బరు తొడుగులా ఉంటాయి. దాన్ని తిరగేసి చూడండి. ఒక్కో మీట అడుగున కందిగింజంత నల్లటి చుక్క ఉంటుంది. అది కరెంటు పారే పదార్థం. కింద పచ్చటి బోర్డు మీద దువ్వెన పళ్లలా అల్లుకుని ఉన్న గీతల మీద అది ఆనితేనే మీట పలుకుతుంది. వేలి జిడ్డు, రబ్బరులోంచి ఊరే నూనె, ఎప్పుడో ఒలికిన టీ మధ్యలో పొరలా కూర్చుంటాయి.

సెల్స్ తీసి, వాటి గదిలో స్క్రూ ఉంటే విప్పండి. అంచు సందులో గోరుగానీ పాత ప్లాస్టిక్ కార్డుగానీ దూర్చి చుట్టూ నెమ్మదిగా తిప్పితే పెంకు టక్కుమని ఊడుతుంది. స్క్రూడ్రైవర్ పెట్టి పెకిలించొద్దు, కొక్కేలు విరుగుతాయి. రబ్బరు తొడుగును సబ్బునీళ్లతో కడిగి ఆరబెట్టండి. నల్లచుక్కలను గట్టిగా రుద్దొద్దు, ఆ పూత పోతే మీట పోయినట్టే. బోర్డును ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన దూదితో తుడవండి. అంతా పూర్తిగా ఆరాకే బిగించాలి, తొందరపడొద్దు.

టీవీ మీటలకు పాఠం చెప్పడం

టీవీ మార్చాక డిష్ రిమోట్‌తో సౌండ్ పెరగదు, టీవీ ఆగదు. కొత్త టీవీ భాష దానికి రాదు మరి. చాలా డిష్ రిమోట్లకు నేర్చుకునే గుణం ఉంటుంది. ఏ మీటలు కలిపి నొక్కితే నేర్చుకునే స్థితిలోకి వెళ్తుందో మోడల్‌ను బట్టి మారుతుంది, ఆ ముక్క యూజర్ మాన్యువల్‌లో చూడాలి. తర్వాతిదంతా ఒకటే. రెండు రిమోట్లను బల్ల మీద మూతికి మూతి ఎదురుగా, రెండు మూడు సెంటీమీటర్ల ఎడంలో పెట్టండి. డిష్ రిమోట్‌లో నేర్పాల్సిన మీట నొక్కి, ఆ తర్వాత టీవీ రిమోట్‌లో అదే పనిచేసే మీట నొక్కండి. దీపం మిణికితే నేర్చుకున్నట్టు. ఇది అయ్యాక టీవీ రిమోట్‌ను పారేయకండి. టీవీ సెట్టింగ్స్ మార్చాలన్నా, మళ్లీ పాఠం చెప్పాలన్నా అదే కావాలి.

పెద్దవాళ్ల చేతికిచ్చే ముందు

అన్ని మీటలుంటే అమ్మకు భయం. నాలుగు చాలు: ఆన్, ఛానెల్, సౌండ్, వెనక్కి. వాటి పక్కన నెయిల్ పాలిష్‌తో చుక్కలు పెట్టాను. సోర్స్ మీట మీద మందపాటి అట్టముక్క పెట్టి టేపు వేశాను. “నో సిగ్నల్ వచ్చింది, రా” అనే ఫోన్లు ఆ రోజుతో ఆగాయి. తరచూ చూసే ఛానెళ్లను ఫేవరెట్స్‌లో పెట్టి, ఆ జాబితా తెరిచే మీటకూ ఓ చుక్క పెట్టండి. చాలా రిమోట్లలో 5 అంకె మీద చిన్న బొడిపె ఉంటుంది. చీకట్లో అది తడిమితే మిగతా అంకెలు వేలికి వాటంతటవే దొరుకుతాయి.

ఎండ, అద్దం, రెండో బాక్స్

బాక్స్ మూతి మీద నేరుగా ఎండ పడితే రిమోట్ సరిగ్గా పనిచేయదు. ఇది కొత్త జబ్బేమీ కాదు. 1955లో వచ్చిన ‘ఫ్లాష్‌మాటిక్’ టార్చిలైటులా టీవీ మూలల మీద వెలుగు వేసే రిమోట్. టీవీ మీద ఎండ పడితే రిమోట్ ముట్టుకోకుండానే ఛానెళ్లు మారేవట. కర్టెన్ వేసి చూడండి.

పరారుణ కాంతి గోడను దాటలేదు గానీ, గోడకు తగిలి తిరిగొస్తుంది. బాక్స్ పక్కకు తిరిగి ఉన్నా ఎదుటి గోడకేసి నొక్కితే పనిచేయొచ్చు. గాజు తలుపు అడ్డం కాదు, చెక్క తలుపు అడ్డమే. ఒకే గదిలో ఒకే రకం బాక్సులు రెండుంటే ఒక్క నొక్కుడుకు రెండూ లేస్తాయి. అప్పుడు ఒకదాని కన్ను మీద నల్ల టేపు వేయడమే సులువు.

ఇవన్నీ చేశాకా కెమెరాలో వెలుగు కనిపించకపోతే కొత్తది కొనండి. టీవీ పేరు కాదు, బాక్స్ మోడల్ నంబరు చూసి కొనాలి, అది బాక్స్ అడుగున స్టిక్కర్ మీద ఉంటుంది. పాతదాని వెనక మూత మాత్రం తీసి దాచుకోండి. కొత్తది అదే మోడల్ అయితే ముందుగా పోయేది ఆ మూతే.