హామ్ రేడియో పాఠాలు – 5: కొబ్బరి చెట్టుకు 40 మీటర్ల డైపోల్

గత పాఠంలో కోయాక్స్ కేబుల్‌కు పీఎల్-259 కనెక్టరు సోల్డరింగ్ చేయడం నేర్చుకున్నాం. ఈసారి ఆ కేబుల్ రెండో కొసన ఉండే తీగ సంగతి. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఉన్నవాళ్లు మొదట కట్టుకోవాల్సిన యాంటెన్నా 40 మీటర్ల బ్యాండ్‌కు (7 మెగాహెర్ట్జ్ చుట్టూ ఉండే, సుమారు 40 మీటర్ల తరంగదైర్ఘ్యం గల తరంగాలకు) పనికొచ్చే తలకిందుల 'వి' ఆకారపు డైపోల్, అంటే రెండు సమాన చేతులున్న తీగ యాంటెన్నా. మధ్య భాగం చెట్టు మీద ఉంటుంది, రెండు చేతులూ రెండు పక్కలకు వాలుగా దిగుతాయి. దీన్ని గట్టిగా కట్టడమే కాదు, పది నిమిషాల్లో కిందికి దించి మళ్లీ ఎత్తగలిగేలా కట్టాలి. తుపాను దారిలో ఉన్న ఊళ్లకు ఈ రెండోదే ముఖ్యం.

ముందుగా ఒక మాట. యాంటెన్నా కట్టుకోవడం, కొలవడం ఎవరైనా చేయవచ్చు. మాట్లాడేందుకు నొక్కే మీట పీటీటీని మాత్రం హామ్ లైసెన్సు చేతికొచ్చాకే నొక్కాలి. 12 ఏళ్లు నిండినవారెవరైనా పరీక్షకు కూర్చోవచ్చు.

ఎత్తు ఎంత ఉండాలి

యాంటెన్నా ఎంత ఎత్తులో ఉంటే అంత మంచిదని చాలామంది చెబుతారు. దూరదేశాలతో మాట్లాడాలనుకునేవాళ్లకు అది నిజమే. మనకు కావలసింది వేరు. సాలూరు నుంచి కళింగపట్నంతో, సోంపేట నుంచి విజయవాడతో మాట్లాడాలి. చేతిలో పట్టుకునే వీహెచ్ఎఫ్ (అతి ఎక్కువ ఫ్రీక్వెన్సీ) సెట్టు తరంగాలు తూర్పు కనుమల కొండలకు తగిలి ఆగిపోతాయి. 7 మెగాహెర్ట్జ్‌లో తక్కువ ఎత్తున ఉన్న డైపోల్ తన శక్తిని దాదాపు నిట్టనిలువుగా పైకి పంపుతుంది. పై వాతావరణంలోని విద్యుదావేశపు పొర అయిన అయనావరణం దాన్ని వంచి గొడుగు పట్టినట్టు నాలుగు వందలు, అయిదు వందల కిలోమీటర్ల మేర కిందికి దించుతుంది. దారిలో కొండ ఉన్నా లేకపోయినా ఒకటే.

ఇలా పనిచేయాలంటే ఎత్తు తరంగదైర్ఘ్యంలో పదో వంతు నుంచి నాలుగో వంతు లోపల ఉండాలి. ఈ బ్యాండ్‌లో అది 4 నుంచి 10 మీటర్లు. ఓ మాదిరి కొబ్బరి చెట్టు చాలు. ఇంత తక్కువ ఎత్తులో యాంటెన్నాకు దిక్కు పట్టింపు పెద్దగా ఉండదు కాబట్టి చేతులు ఏ దిక్కుకు చాచాలా అని మథనపడక్కర్లేదు, పెరట్లో చోటు ఎటుంటే అటు చాచండి.

పగటి పూట దగ్గరి ఊళ్లు బాగా వినిపిస్తాయి. చీకటి పడి రాత్రి గడిచేకొద్దీ అవి సన్నగిల్లి, దూరపు స్టేషన్లు లోపలికి వస్తాయి. అది యాంటెన్నా లోపం కాదు. అయనావరణపు పై పొరలో సాంద్రత తగ్గి, నిలువుగా వెళ్లిన 7 మెగాహెర్ట్జ్ తరంగం తిరిగి రాకుండా బయటికి పోతుంది. అలాంటి వేళ దగ్గరివాళ్లను పట్టుకోవాలంటే 80 మీటర్ల బ్యాండుకు (3.5 మెగాహెర్ట్జ్ పరిసరాలు) దిగాలి.

సామాను

తీగకు 1.5 చదరపు మిల్లీమీటర్ల పీవీసీ తొడుగున్న, పోగుల రాగి వైరు తీసుకోండి. ఇంటి వైరింగుకు వాడేదే, 22 మీటర్లు చాలు. తొడుగు లేని రాగి తీగ ఉప్పు గాలికి త్వరగా నల్లబడుతుంది కాబట్టి సముద్రానికి దగ్గరగా ఉన్నవాళ్లు దాని జోలికి పోవద్దు.

కేబుల్ ఆర్‌జీ-58, సుమారు 20 మీటర్లు. ఈ పొడవుకు 7 మెగాహెర్ట్జ్‌లో పోయే శక్తి ఒక డెసిబెల్ లోపే. కేబుల్ టీవీ వాళ్లు వదిలేసిన ఆర్‌జీ-6 ముక్కలు చూసి ఆశపడేవాళ్లుంటారు. దాని అల్లిక సాధారణంగా అల్యూమినియం, సోల్డరు అంటుకోదు. మెలిపెట్టి కట్టిన అతుకు ఒక వానకాలం కూడా నిలవదు.

మధ్య పలకకు కూరగాయలు తరిగే ప్లాస్టిక్ బోర్డు నుంచి 10 సెంటీమీటర్ల చదరం కోసుకోండి. దాని మీద ఒక ఎస్‌ఓ-239 సాకెట్, పీఎల్-259 దూరేది ఇందులోనే. కొసల్లో ఇన్సులేటర్లకు ముప్పావు అంగుళం పీవీసీ పైపు ముక్కలు రెండు, ఒక్కోటి నాలుగు అంగుళాలు, రెండు చివరలా రంధ్రాలు. మేకులు, బోల్టులు, గిలక అన్నీ స్టెయిన్‌లెస్ స్టీలు లేదా ఇత్తడివే. ఇనప గిలక తీరంలో ఏడాది తిరగకుండానే తుప్పు పట్టి బిగుసుకుంటుంది. దించాల్సిన రోజున తిరగని గిలక ఉన్నా లేనట్టే. పడవ సామాను, వలలు అమ్మే దుకాణాల్లో మంచి గిలకలూ, ఎండకు తట్టుకునే నైలాన్ తాడూ దొరుకుతాయి. తాడు 5 లేదా 6 మిల్లీమీటర్ల మందం, మొత్తం 40 మీటర్లు.

కోత, అతుకు

బోడి తీగకు లెక్క ఇది: 143ను మెగాహెర్ట్జ్‌తో భాగిస్తే మొత్తం పొడవు మీటర్లలో వస్తుంది. మనకిచ్చిన బ్యాండ్ 7.000 నుంచి 7.200 వరకు, నడుమ 7.100 పట్టుకుందాం. 143ను 7.1తో భాగిస్తే 20.14. అంటే ఒక్కో చేయి 10.07 మీటర్లు. పీవీసీ తొడుగు వల్ల అసలు కావలసిన పొడవు ఇంకో మూడు శాతం దాకా తగ్గుతుంది. అయినా తగ్గించి కోయకండి. నేల తడి, ఎత్తు, దగ్గర్లోని రేకుల కప్పు అన్నీ లెక్కను కాస్త అటూ ఇటూ జరుపుతాయి. ఒక్కో చేయి 10.60 మీటర్లకు కోయండి. అందులో 10 సెంటీమీటర్లు మధ్య పలక దగ్గర ముడికి, మరో 10 కొస ఇన్సులేటర్ దగ్గర మడతకు పోగా 10.40 మీటర్లు పనిచేసే పొడవు.

ప్రతి చేతినీ పలకలోని రెండు రంధ్రాల గుండా పైకీ కిందికీ దూర్చి, ఆ తర్వాతే సాకెట్‌కు తీసుకెళ్లండి. లాగుడు బరువంతా పలక మోయాలి, అతుకు మీద గ్రాము కూడా పడకూడదు. ఒక చేయి సాకెట్ నడుమ పిన్నుకు, రెండోది సాకెట్ ఒంటికి బోల్టు చేసిన ట్యాగుకు. రాగి పోగులు మెరిసేదాకా ఉప్పుకాగితంతో రుద్ది సోల్డర్ చేయండి. అతుకు చల్లారాక బూడిదరంగులో గరుకుగా కనిపిస్తే అది చల్లటి అతుకు, మళ్లీ వేడి చేయాల్సిందే.

సాకెట్‌కు కిందనే కేబుల్‌ను చుట్ట చుట్టాలి. సుమారు 15 అడుగుల కేబుల్, ఆరు చుట్లు, పక్కపక్కనే ఉండేలా. చుట్ట అడ్డంగా పది అంగుళాల లోపు వస్తుంది. నల్లటి ప్లాస్టిక్ కేబుల్ టైలతో నాలుగు చోట్ల బిగించండి. ఇది లేకపోతే కేబుల్ బయటి అల్లిక కూడా యాంటెన్నాలో భాగమైపోతుంది. అప్పుడు ఇంట్లోని ఎల్‌ఈడీ బల్బులు, ఇన్వర్టరు రొద అంతా దాని గుండా రిసీవర్‌లోకి వస్తుంది, మాట్లాడేటప్పుడు మైకు చురుక్కుమంటుంది.

కనెక్టరు మీద ముందు తనలో తాను అతుక్కుపోయే రబ్బరు టేపు, దాని మీద మామూలు పీవీసీ టేపు, కింది నుంచి పైకి చుట్టండి. పెంకుల్లా ఒకదాని మీద ఒకటి పడి నీరు జారిపోతుంది. వెనిగర్ వాసన వచ్చే సిలికాన్ మాత్రం పూయకండి. దాని ఆమ్లం రాగిని తినేస్తుంది.

చెట్టు మీద

కరెంటు తీగల సంగతి మొదట చూడాలి. చెట్టు కూలినా, తాడు తెగినా, యాంటెన్నాలో ఏ భాగమూ ఏ కరెంటు తీగనూ తాకే వీలు ఉండకూడదు. పొలం గట్టున 11 కేవీ లైను పోతుంటే ఆ చెట్టును వదిలేయండి, అది ఎంత నిటారుగా ఉన్నా సరే.

కొబ్బరి మానుకు మేకు కొట్టవద్దు. గాయం ఉన్న చోటే ఎర్ర ముక్కుపురుగు గుడ్లు పెడుతుంది, చెట్టు పోతుంది. మట్టకు కట్టవద్దు, మట్ట ఎండి రాలిపోతుంది. కాయలు దింపే మనిషి చేత, మట్టలకు రెండు అడుగుల కింద, పాత సైకిల్ ట్యూబు రెండు చుట్లు వేయించి దాని మీద తాడు కట్టించి గిలక తగిలించండి. ఒక్కసారి ఎక్కిస్తే చాలు, తర్వాత ఎవరూ ఎక్కక్కర్లేదు. గిలకలో తాడును రెండు కొసలూ కిందికి వచ్చేలా వేసి, కలిపి ముడివేయండి. 9 మీటర్ల ఎత్తుకు 20 మీటర్ల తాడు పడుతుంది. ఇలా వలయంగా ఉంటే మధ్య పలక తెగి కింద పడినా తాడు పైనే చిక్కుకుపోదు.

చెట్టు లేదంటే మిద్దె పిట్టగోడకు 6 మీటర్ల జీఐ పైపు బిగించి, మూడు వైపులా తాళ్లతో లాగి కట్టండి. ఒక అంతస్తు మీద అది కూడా 9 మీటర్లు దాటుతుంది.

మధ్య 9 మీటర్ల ఎత్తులో, కొసలు 2.5 మీటర్ల ఎత్తులో ఉంటే రెండు చేతుల మధ్య కోణం 100 డిగ్రీలకు కొంచెం అటూ ఇటూ వస్తుంది, కొసలు చెట్టుకు ఒక్కో పక్క 8 మీటర్ల దూరంలో పడతాయి. కోణం 90 కంటే తగ్గనివ్వకండి. కొసలు ఇంకా కిందికి దించకండి, ఎందుకంటే ప్రసారం జరిగేటప్పుడు ఎక్కువ వోల్టేజీ ఉండేది అక్కడే. తాకితే కాలుతుంది. పిల్లలకు, మేకలకు అందకూడదు.

కొస తాళ్లను కంపకు గానీ రాటకు గానీ బిగించి ముడివేయడం చాలామంది చేసే పొరపాటు. కొబ్బరి చెట్టు గాలికి అడుగుల కొద్దీ ఊగుతుంది, బిగిసిన తీగ పుటుక్కుమంటుంది. తాడును రాటకున్న రింగులోంచి పోనిచ్చి, దాని కొసకు కిలో నీళ్ల సీసా వేలాడదీయండి. చెట్టు ఊగితే సీసా లేస్తుంది, దిగుతుంది, తీగ మీద లాగుడు మాత్రం మారదు.

కొలత

యాంటెన్నాను కొలిచే చిన్న పరికరం నానో వీఎన్‌ఏను 6.4 నుంచి 7.8 మెగాహెర్ట్జ్ మధ్య పెట్టి, ఓపెన్, షార్ట్, లోడ్ మూడింటితో కాలిబ్రేట్ చేశాకే కేబుల్ తగిలించండి. రేడియోతో ప్రసారం చేస్తూ కొలిచే అలవాటు వద్దు. హైదరాబాద్‌లో అషర్ ఫర్హాన్ రూపొందించిన మైక్రో బిటెక్స్ లాంటి సెట్లలో చివరి దశలో ఉండేవి ఐఆర్‌ఎఫ్ 510 ట్రాన్సిస్టర్లు. పొసగని యాంటెన్నా మీద అవి తేలిగ్గా కాలిపోతాయి.

మొదటి కొలతలో ఎస్‌డబ్ల్యూఆర్ (యాంటెన్నా ఎంత పొసగిందో చెప్పే అంకె, 1కి దగ్గరైతే మేలు) కనిష్ఠం 6.75 మెగాహెర్ట్జ్ దగ్గర వచ్చిందనుకోండి. తీగ ఇంకా పొడవుందని అర్థం. గుర్తుంచుకోవాల్సిన లెక్క ఒక్కటే: రెండు చేతుల్లో చెరో సెంటీమీటరు తగ్గిస్తే కనిష్ఠం సుమారు 7 కిలోహెర్ట్జ్ పైకి జరుగుతుంది. 7.10కి రావాలంటే 350 కిలోహెర్ట్జ్, అంటే చెరో 50 సెంటీమీటర్లు. ఒక్క దెబ్బకు 50 కోయకండి. ముందు 35 సెంటీమీటర్లు వెనక్కి మడిచి తీగ మీదే చుట్టండి, దాన్ని పైకెత్తి కొలవండి. మిగిలినది రెండో విడతలో సరిచేయండి. కొలత ప్రతిసారీ యాంటెన్నా పూర్తి ఎత్తులో ఉన్నప్పుడే తీయాలి, నడుము ఎత్తున తీసిన అంకె ఎందుకూ పనికిరాదు.

కుదిరాక 7.0 నుంచి 7.2 వరకు ఎస్‌డబ్ల్యూఆర్ 2 దాటకూడదు.

కొలత తేడాగా ఉంటే కారణాన్ని ఇలా పట్టుకోండి. అంకె ఎక్కడ చూసినా చాలా ఎక్కువగా, కదలకుండా ఉంటే అతుకు ఊడింది లేదా కనెక్టరులో ఒక పోగు షార్ట్ చేస్తోంది. మల్టీమీటరుతో కేబుల్ నడుమ పిన్నుకూ ఒంటికీ మధ్య చూడండి, కనెక్షన్ ఉండకూడదు. కేబుల్‌ను చేత్తో పట్టుకోగానే అంకె మారితే చుట్ట సరిగా పనిచేయడం లేదు. అన్నిటికంటే మోసపుచ్చేది మూడోది: ఎస్‌డబ్ల్యూఆర్ బ్యాండంతటా, బయట కూడా, చక్కగా 1.5 దగ్గరే ఉంటుంది, కానీ ఎవరికీ మీ మాట వినపడదు. కేబుల్‌లోకి నీరు దిగి శక్తిని మింగేస్తోందన్నమాట. పైకొస దగ్గర ఒక అడుగు కోసి చూడండి. అల్లిక పచ్చగానో నల్లగానో ఉంటే ఆ కేబుల్‌ను పూర్తిగా మార్చాలి, కోసి అతికితే లాభం లేదు.

దించడం, ఎత్తడం

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానంలో కొబ్బరి తోటలే నేలకూలాయి. కరెంటూ ఫోన్లూ పోయాయి. అలాంటి గాలికి ఏ యాంటెన్నా నిలవదు, నిలపాలని చూడకూడదు కూడా. హెచ్చరిక రాగానే కేబుల్‌ను రేడియో నుంచి విప్పండి, కొసల బరువులు తీయండి, మధ్య పలకను దించండి, రెండు చేతులనూ విడివిడిగా ఒక పలక ముక్కకు ఎనిమిది అంకెలా చుట్టండి. వలయపు తాడును మానుకు బిగించి వదిలేయండి.

గాలి తగ్గాక ముందు తెగిపడ్డ కరెంటు తీగలున్నాయేమో చూడండి, తర్వాతే తాడు ముట్టుకోండి. చెట్టు పోయి ఉంటే మూడు వెదుళ్లు కలిపి కట్టి 5 మీటర్లకు ఎత్తినా చాలు, ఆ ఎత్తు కూడా మన లెక్కలోనే ఉంది. మన ఆసియా-పసిఫిక్ ప్రాంతానికి అత్యవసర సంభాషణల కేంద్ర ఫ్రీక్వెన్సీ 7.110 మెగాహెర్ట్జ్, అందుకే 7.100 దగ్గర కుదిర్చాం.

ఏప్రిల్, మే నెలల సాయంత్రపు ఉరుముల వేళ కూడా కేబుల్ విప్పి, కనెక్టరు కొసను ఇంటి బయటే ఉంచండి.

వచ్చే పాఠంలోపు చేయాల్సిన పని: ఉదయం, మధ్యాహ్నం, రాత్రి అరగంట చొప్పున 7.000 నుంచి 7.200 వరకు విని, వినిపించిన ప్రతి స్టేషన్ పిలుపు సంకేతం, ఊరు, సమయం రాయండి. ఒకసారి ఇంటి మెయిన్ ఆపి, రిసీవర్‌ను బ్యాటరీ మీద నడిపి రొద ఎంత తగ్గిందో సిగ్నల్ బలం చూపే ఎస్-మీటర్‌లో చూసి పక్కన నమోదు చేయండి. రెండు ఎస్-యూనిట్లకు మించి తగ్గితే రొద మీ ఇంట్లోనే పుడుతోంది. ఫ్యూజులు ఒక్కొక్కటీ తీసి ఏ గదిలోదో కనిపెట్టండి. ఆరో పాఠం 12 వోల్టుల బ్యాటరీ, సౌర పలకతో సెట్టును నడపడం గురించి.