రీడ్ బ్యారియర్‌లో ఒక్క స్టోర్: నా అనుభవం

నేను సొంతంగా రాసుకుంటున్న చిన్న రన్‌టైమ్‌లో (ప్రోగ్రామ్‌లను నడిపించే సాఫ్ట్‌వేర్) గార్బేజ్ కలెక్టర్ (జీసీ, వాడని మెమరీని ఖాళీ చేసే భాగం), ప్రోగ్రామ్ ఆగకుండానే ఆబ్జెక్ట్‌లను కొత్త చోటికి మారుస్తుంది. అందుకని హీప్ (ఆబ్జెక్ట్‌లు ఉండే మెమరీ) నుంచి పాయింటర్ (ఆబ్జెక్ట్ చిరునామా) చదివిన ప్రతిసారీ రీడ్ బ్యారియర్ అనే చిన్న తనిఖీ కోడ్ నడుస్తుంది: ఈ ఆబ్జెక్ట్ ఇల్లు మారిందా? మారితే కొత్త చిరునామా ఇవ్వడమే కాదు, పాయింటర్ చదివిన ఫీల్డ్‌లోనూ (ఆబ్జెక్ట్‌లో ఆ పాయింటర్ ఉండే చోటు) దాన్నే రాసేస్తుంది; ఈ రాతే స్టోర్. 2020లో జావా జేడీకే 15తో ప్రయోగ దశ దాటిన జెడ్‌జీసీ అనే గార్బేజ్ కలెక్టర్ కూడా ఫీల్డ్‌ను ఇలాగే సరిదిద్దుతుంది. మళ్లీ చదివినప్పుడు ఆ ఖర్చు ఉండదు.

లోడ్ పెరిగితే మాత్రం లింక్డ్ లిస్ట్‌లో (పాయింటర్లతో ఒకదానికొకటి కలిపిన నోడ్‌ల వరుస) అప్పుడే చేర్చిన నోడ్ మాయమయ్యేది. ఒక్క థ్రెడ్‌తో (ప్రోగ్రామ్‌లో పక్కపక్కనే నడిచే పనుల్లో ఒకటి) ఎన్నిసార్లు నడిపినా ఈ సమస్య రాదు. జీసీ ఆపేసినా రాదు. కలెక్టరే బతికున్న నోడ్‌ను పారేస్తోందని మార్కింగ్ (బతికున్నవాటిని గుర్తించే) కోడంతా మూడు రోజులు తవ్వాను. తప్పు అక్కడ లేదు.

చివరికి ప్రతి ఫీల్డ్ రాతనూ థ్రెడ్ నంబరుతో లాగ్ చేస్తే దొరికింది. ఒక థ్రెడ్ పాత పాయింటర్ చదివి బ్యారియర్‌లోకి వెళ్లింది. ఈలోగా రెండో థ్రెడ్ అదే ఫీల్డ్‌లో కొత్త నోడ్ పెట్టింది. మొదటిది తిరిగొచ్చి, తాను సరిదిద్దిన చిరునామాను దాని మీదే రాసేసింది. చదవడానికి వచ్చిన థ్రెడ్ ఇంకొకదాని రాతను చెరిపేసిందన్నమాట!

ఆ స్టోర్ తీసేసి కంపేర్-అండ్-స్వాప్ (పోల్చడం, మార్చడం మధ్యలో ఎవరూ దూరకుండా ఒకే అడుగులో చేసే ఆదేశం) పెట్టాను: ఫీల్డ్‌లో నేను చదివిన పాత విలువే ఉంటే మార్చు, లేకపోతే వదిలెయ్. విఫలమైనా మళ్లీ ప్రయత్నించనక్కర్లేదు. చేతిలో ఉన్న కొత్త చిరునామా ఎలాగూ సరైనదే. రాత్రంతా నడిపాను, ఒక్క నోడ్ పోలేదు.